గెడ్డ గట్టున పాత ఎముక కనబడితే ఏం చేయాలి: సేకరణ, గుర్తింపు

వానలు తగ్గి విశాఖ చుట్టుపక్కల గెడ్డల్లో (చిన్న వాగుల్లో) నీరు పల్చబడగానే నాకు ఫొటోలు రావడం మొదలవుతుంది. నరవ వైపు నుంచి ఒకరు, గోస్తనీ ఒడ్డు నుంచి మరొకరు, శారదా నది ఇసుకలో నడిచివచ్చిన విద్యార్థి ఇంకొకరు, అరచేతిలో నల్లటి ఎముక పెట్టుకుని ఫొటో తీసి పంపి, "ఇది ఎన్ని వేల ఏళ్ల నాటిదండీ?" అని అడుగుతారు. ఫొటో చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే జవాబులో సగం ఎముకలో ఉంటే మిగతా సగం అది దొరికిన మట్టిలో ఉంటుంది, ఆ మట్టిని వారు అప్పటికే వదిలేసి ఇంటికి వచ్చేసి ఉంటారు. అందరికీ విడివిడిగా రాస్తున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకుని బయలుదేరండి. విశాఖ చుట్టూ ఉన్న కొండలు చాలావరకు ఖొండలైట్ రాయి. క్షీరదాలు భూమి మీద పుట్టక ఎంతో ముందే విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై మారిపోయిన రాయి అది, కాబట్టి ఆ కొండరాతిలో ఎముకల కోసం వెతకడం వృథా. ఆ కొండల మీది నుంచి దిగే ఎర్రమట్టికి ఆమ్లగుణం ఎక్కువగా ఉన్నచోట, అందులో పడిన ఎముక కూడా క్రమంగా కరిగిపోతుంది. పాత ఎముక నిలిచే అవకాశం ఉన్నది గెడ్డలు, నదులు కోసిన పాత ఒండ్రు గట్లలో, అందులోనూ సున్నపు గడ్డలు కలిసిన బూడిదరంగు లేదా పసుపు రంగు పొరల్లో మాత్రమే.

సున్నం ఎముకను ఎంత బాగా కాపాడుతుందో చూడాలంటే నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు మంచి ఉదాహరణ. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఆ సున్నపురాతి గుహల్లో తవ్వి తీసిన ఎముకలను శిలాజ నిపుణుడు రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో వివరంగా ప్రచురించాడు. ఈనాడు మన రాష్ట్ర అడవుల్లో ఎక్కడా లేని ఖడ్గమృగం ఎముకలు వాటిలో ఉన్నాయి. మన గెడ్డల్లో అంత భాగ్యం ఆశించవద్దు. మీ చేతికి వచ్చేవాటిలో అత్యధిక భాగం ఆవు, గేదె, మేక, పంది, కుక్కల ఎముకలే అయి ఉంటాయి. అయినా వాటినీ ఇదే శ్రద్ధతో చూడమంటాను, ఎందుకంటే గేదె దంతాన్ని నిద్రలో కూడా గుర్తుపట్టగలిగినవారికే, గేదెది కాని దంతం ఎదురైన రోజున ఆ తేడా కనబడుతుంది.

ఎక్కడ వెతకకూడదు

భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ ప్రదేశం, అక్కడి నుంచి రాయి గాని, ఎముక గాని, మట్టి గాని తీయకూడదు. కంబాలకొండ అభయారణ్యం, ఇతర అటవీ భూములు, బొర్రా గుహలు, బావికొండ, తొట్లకొండ వంటి రక్షిత స్థలాలు కూడా అంతే. ప్రైవేటు పొలం గట్టు అయితే రైతును ముందుగా అడగండి, ఏం వెతుకుతున్నారో ఆయనకు చూపించండి. చాలాసార్లు వాళ్లే "నిరుడు వరదకు ఫలానా మలుపు దగ్గర గట్టు విరిగింది" అని దారి చూపుతారు. ఎక్కడైనా సరే గట్టును తవ్వడం మీ పని కాదు. నీరు బయటపెట్టినదాన్ని చూడడం, రాసుకోవడం, అవసరమైతే తీయడం, ఇంతవరకే ఔత్సాహికుల పరిధి.

చట్టం గురించి ఒక్క మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల ఎముకలకు, దంతాలకు, ఏనుగు దంతానికి కూడా వర్తిస్తుంది. తాజాగా కనిపించే చిరుత పుర్రె, జింక కొమ్ము, తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం ఎముక వంటివాటిని ఇంటికి తెచ్చుకోకుండా అటవీ శాఖకు తెలియజేయండి.

ఏమేం కావాలి

మందపాటి రబ్బరు చేతొడుగులు, మోకాలి దాకా వచ్చే బూట్లు, పొడవాటి కర్ర, పాత టూత్‌బ్రష్షు, మెత్తటి కుంచె, వెదురు పుల్లలు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, టేపు, నోటు పుస్తకం, పెన్సిలు, జిప్ కవర్లు, చుట్టడానికి పాత నూలు గుడ్డ లేదా న్యూస్‌పేపరు, లొకేషన్ చూపే ఫోను. పెన్ను వద్దు, తడి తగిలితే సిరా పాకిపోతుంది. గునపం, సుత్తి అసలే వద్దు, చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది.

ఇంటి దగ్గర ఒక వంటింటి డిజిటల్ కాటా, పట్టకారు, లావుపాటి సూది, కొంచెం వెనిగరు లేదా నిమ్మరసం ఉంచుకోండి. వీటన్నిటికన్నా విలువైనది పోల్చి చూసుకోవడానికి మీ సొంత ఎముకల పెట్టె. తలకాయ కూర వండిన ఆదివారం మేక దవడను పారేయకుండా దాచండి. మాంసం దుకాణంలో అడిగి గేదె, పంది దవడలు, కాలి ఎముకలు తెచ్చుకోండి. నీటిలో నానబెట్టి, బట్టలసోడా కలిపిన నీటిలో సన్నని సెగ మీద ఉడికించి, కడిగి, నీడలో ఆరబెట్టి, ఒక్కొక్కదాని మీద జంతువు పేరు, ఎడమ కుడి వివరం రాయండి. ఎన్ని బొమ్మలు చూసినా చేతిలో తిప్పి చూసిన దవడ నేర్పినంత నేర్పవు.

1. సమయం చూసుకుని, తోడు తీసుకుని వెళ్లండి

డిసెంబరు నుంచి మే వరకు మంచి కాలం. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపానులు ఉంటాయి కనుక ఆ నెలల్లో గెడ్డలోకి దిగవద్దు. మీరున్నచోట ఎండ కాస్తున్నా, పైన కొండల మీద కురిసిన వాన నిమిషాల్లో కిందికి దిగివస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నీటి ఉధృతి ఎలా ఉంటుందో విశాఖవాసులకు మళ్లీ చెప్పనక్కరలేదు. అయితే అలాంటి వరద తర్వాత వచ్చే ఎండాకాలమే వెతకడానికి అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే గట్లు కొత్తగా కోసుకుపోయి ఉంటాయి.

అడుగున నీరు తొలిచేసి పైన చూరులా వేలాడుతున్న గట్టు కింద నిలబడకండి. ఇసుక తవ్విన గోతుల్లో నీరు ఉంటే లోతు తెలియదు, కర్రతో చూడనిదే అడుగు వేయవద్దు. రాళ్ల సందుల్లో, పొదల మొదట్లో చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి, రక్తపింజరి అలాంటి చోట్లలోనే ముడుచుకుని ఉంటుంది. ఊరి మురుగు కలిసే గెడ్డల్లో ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ భయం ఉంటుంది కాబట్టి కాలికి గాయం ఉన్నవారు నీటిలో దిగవద్దు. ధనుర్వాతం టీకా వేయించుకుని ఉండండి.

చేతొడుగుల విషయంలో నేను మొండిగా ఉంటాను. విశాఖ మన్యంలో దొమ్మరోగం (ఆంత్రాక్స్) పశువుల నుంచి మనుషులకు సోకిన సందర్భాలు పలుమార్లు నమోదయ్యాయి, ఆ సూక్ష్మజీవి మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉండగలదు. చర్మం, మాంసం, వాసన ఏమాత్రం మిగిలి ఉన్న ఎముకను ముట్టుకోనే ముట్టుకోకండి.

2. అడుగును కాదు, గట్టును చదవండి

కొత్తగా వచ్చినవారు గెడ్డ నడుమ గులకరాళ్లలో తల దించుకుని నడుస్తారు. అక్కడ దొరికేది కొట్టుకొచ్చిన ఎముక, దాని అసలు చోటు తెలియదు. మీరు గట్టు వైపు చూస్తూ నడవండి. పై పొర నుంచి కిందికి రంగు, ఇసుక ముతకదనం, గులకల వరస ఎక్కడ మారుతున్నాయో గమనించండి. ప్లాస్టిక్ కవరు, గాజు పెంకు, సిమెంటు ముక్క, ఇటుక కనిపించే పొర కొత్తది. వాటి కింద గట్టిపడి, సున్నపు గడ్డలు పట్టిన పొర ఉంటే అక్కడ నిదానంగా చూడండి.

కొట్టుకొచ్చిన ఎముకే దొరికిందనుకోండి, దాని అంచులు తాకి చూడండి. విరిగిన అంచు ఇంకా పదునుగా ఉంటే అది దగ్గర నుంచే వచ్చింది, అన్ని వైపులా నునుపుగా అరిగిపోతే చాలా దూరం దొర్లింది. పదునుగా ఉంటే ఎగువకు నడుస్తూ రెండు గట్లూ వెతకండి.

3. చేయి పెట్టే ముందు ఫొటో, కొలత, రాత

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశాను. నాకు మొదటిసారి పొరలోనే ఇరుక్కుని కనిపించిన పెద్ద దంతాన్ని సంతోషం పట్టలేక వేలితో పెకలించి, గెడ్డ నీటిలో కడిగి, ఇంటికి తెచ్చి మేడ మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి ఎనామిల్ పొరలు ఉల్లిపొరల్లా విడిపోయి పళ్లెంలో రాలాయి. మరునాడు ఆ గట్టు దగ్గరికి వెళితే ఏ మలుపులో, ఏ పొరలో తీశానో నాకే తెలియలేదు. ఆ ముక్కలు ఇప్పటికీ ఒక డబ్బాలో ఉన్నాయి. అవి ఏ కాలానివో చెప్పగలిగిన ఒకే ఒక ఆధారాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను.

మీరు మూడు ఫొటోలు తీయండి: గెడ్డ మలుపు మొత్తం కనిపించేలా ఒకటి, గట్టు పైనుంచి అడుగు దాకా పొరలన్నీ కనిపించేలా ఒకటి, ఎముకకు దగ్గరగా ఒకటి. దగ్గరి ఫొటోలో కొలబద్ద లేకపోతే పది రూపాయల నాణెం పెట్టండి, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. తర్వాత అక్కడే నిలబడి ఇవి రాయండి: తేదీ, గెడ్డ పేరు, దగ్గరి ఊరు, ఫోను చూపిన అక్షాంశ రేఖాంశాలు, గట్టు పై అంచు నుంచి ఎముక వరకు లోతు, పొర రంగు, పొరలో ఇరుక్కుని ఉందా లేక విడిగా పడి ఉందా. ఇంటికి వెళ్లి రాద్దామనుకుంటే రాయరు, రాసినా తప్పు రాస్తారు.

పక్కనే రాతి పనిముట్లలా చెక్కినట్టున్న ముక్కలు, కుండ పెంకులు, బొగ్గు కనిపిస్తే ఏదీ కదపకండి. ఈ తీరంలో చిన్న రాతి పనిముట్లు దొరికిన చోట్లు ఉన్నాయి, మనుషుల ఆనవాళ్లతో కలిసి ఉన్న ఎముక పురావస్తు నిపుణులు మాత్రమే తీయవలసినది.

4. మనిషి ఎముక కాదని నిర్ధారించుకోండి

మన ఊళ్లలో శ్మశానాలు చాలాచోట్ల గెడ్డ పక్కనే ఉంటాయి. తెల్లగా లేదా బూడిద రంగులో సుద్దలా ఉండి, వంపు తిరిగిన పగుళ్లు అడ్డంగా పడిన ముక్కలు చితిలో కాలిన ఎముకలు కావచ్చు, వాటిని గౌరవంగా వదిలేయండి. గుండ్రటి పుర్రె పెంకు, మనిషి పన్ను, దవడ అని అనుమానం వస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి, దగ్గరి పోలీసు స్టేషనుకు గాని, 112కు గాని చెప్పండి.

5. తీయడం, మోయడం

విడిగా పడి ఉన్న గట్టి ఎముకనే తీయండి. చుట్టూ మట్టిని వెదురు పుల్లతో వదులు చేసి, కింద అరచేయి పట్టి, అతుక్కున్న మట్టితో సహా ఎత్తండి. లాగవద్దు. తడిగా ఉన్నదాన్ని తడి గుడ్డలో చుట్టి, రెండు మూడు రంధ్రాలు పెట్టిన కవరులో ఉంచండి. పెన్సిలుతో రాసిన చీటీని చిన్న కవరులో పెట్టి, ఆ కవరును ఎముకతో కలిపి ఉంచండి. ఒక కవరులో ఒక చోటు ఎముకలే ఉండాలి.

ఎముక సగం పైగా గట్టులోనే ఉంటే, లేదా వేలు తగిలితే పొడి రాలుతుంటే వదిలేసి 9వ మెట్టుకు వెళ్లండి.

6. శుభ్రపరచడం

గట్టి ఎముకను మంచినీటిలో మెత్తటి బ్రష్షుతో కడిగి, గాలి తగిలే నీడలో చాలా రోజుల పాటు ఆరనివ్వండి. ఎండ, ఫ్యాను గాలి, హెయిర్ డ్రైయరు పనికిరావు. పెళుసైనదానికి నీరు తగలనివ్వకుండా పొడి కుంచెతోనే దులపండి. బ్లీచింగ్ పౌడరు, ఆమ్లం, వార్నిష్ వాడకండి. విరిగినదాన్ని ఫెవికాల్‌తో, ఫెవిక్విక్‌తో అతికించకండి, తర్వాత దాన్ని విడదీయాలంటే ఎముకే పోతుంది. మ్యూజియంలు ఇందుకు అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడతాయి, దాన్ని మళ్లీ అసిటోన్‌తోనే తొలగించవచ్చు. అది దొరకకపోతే ముక్కలను విడివిడిగా గుడ్డలో చుట్టి ఉంచడమే మేలు.

7. ఎముకేనా, పాతదేనా? ఇంటి పరీక్షలు

మొదటగా అది ఎముక అవునో కాదో చూడండి. చెట్ల వేళ్ల చుట్టూ సున్నం పేరుకుని ఏర్పడిన గొట్టాలు కాలి ఎముకల్లాగే ఉంటాయి, నాకు వచ్చే ఫొటోల్లో వీటికీ కొదవ లేదు. విరిగిన చోట భూతద్దంతో చూడండి. ఎముకకు బయట చిక్కటి గోడ, అందులో సూదిమొన రంధ్రాలు, చివర్లలో తేనెపట్టు వంటి లోపలి భాగం కనిపిస్తాయి. సున్నపు గొట్టంలో నడుమ బెజ్జం, దాని చుట్టూ వలయాలు కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే విరిగిన అంచు మీద ఒక చుక్క వెనిగరు వేయండి. సున్నపు గొట్టం బుసబుస పొంగుతుంది, ఎముక అంతగా పొంగదు. పగుళ్లలో సున్నం చేరిన ఎముక కూడా పొంగుతుంది కనుక కంటితో చూసినదానికే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఇక వయసు. రంగును నమ్మకండి. బురదలో కూరుకున్న గేదె ఎముక కొన్నేళ్లలోనే నల్లబడగలదు. నాలుకకు అంటించి చూడమని చెప్పేవారున్నారు, మురుగు కలిసే గెడ్డల్లో దొరికినదానితో ఆ పని చేయవద్దు, పైగా ఎండిన మామూలు ఎముక కూడా నాలుకకు అంటుకుంటుంది. రంపంతో కోసినట్టు తిన్నని సన్న గీతలు ఉన్నాయేమో చూడండి, ఉంటే అది మాంసం దుకాణం ఎముక.

సూది పరీక్ష నమ్మదగినది. ఆరుబయట, సూదిని పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి, ఎముకలో ముందే విరిగి ఉన్న, కనబడని చోట క్షణం సేపు తాకించండి. వెంట్రుక కాలిన వాసన వస్తే లోపలి కొలాజెన్ అనే ప్రోటీన్ ఇంకా ఉందన్నమాట, అంటే అది దాదాపుగా ఇటీవలిది. అయితే వాసన రాకపోవడం ప్రాచీనతకు రుజువు కాదు. ఎండకు, వానకు బయట పడి ఉన్న ఎముక, చితిలో కాలిన ఎముక కూడా వాసన ఇవ్వవు. ఈ పరీక్ష "కాదు" అని చెప్పగలదు గాని "అవును" అని చెప్పలేదు.

బరువు పరీక్షను గట్టి ముక్కకే చేయండి. పొడి ఎముకను తూచి రాసుకోండి. కాటా మీద నీటి గిన్నె పెట్టి సున్నాకు తెచ్చి, ఎముకను దారంతో కట్టి, అడుగుకు, అంచుకు తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా అప్పుడు చూపే గ్రాములే ఎముక ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. పొడి బరువును దానితో భాగించండి. ఉదాహరణకు 180 గ్రాముల ముక్క ముంచినప్పుడు 90 చూపితే సాంద్రత 2.0. ఇదే కొలతను మీ పెట్టెలోని గేదె ఎముకలో అదే భాగానికి కూడా తీసి పోల్చండి. ఖనిజాలు చేరిన ఎముక స్పష్టంగా ఎక్కువ తూగుతుంది. బుడగలు వస్తున్నంత సేపూ అంకె నిలవదు, ఆగి చూడండి.

8. ఏ జంతువు?

దంతం ఉంటే దంతంతో మొదలుపెట్టండి. నమిలే ముఖాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. ఆవు, గేదె, మేక, జింకల దంతాల మీద ఎనామిల్ నెలవంకల జంటలుగా కనిపిస్తుంది, నెలవంకల నడుమ గోధుమరంగు డెంటిన్ (ఎనామిల్ లోపలి మెత్తటి పొర) కొంచెం లోతుగా అరిగి ఉంటుంది. ఆవు, గేదెల పై దవడ దంతంలో లోపలి వైపు రెండు భాగాల మధ్య సన్నని స్తంభం ఒకటి నిలబడి ఉంటుంది, మేక, గొర్రెల్లో అది ఉండదు. కింది దవడ చిట్టచివరి దంతానికి మూడు భాగాలుంటాయి. ఆవులో దాని పొడవు సుమారు 35 నుంచి 40 మిల్లీమీటర్లు, మేకలో సుమారు 20 నుంచి 25. ఆవుకూ గేదెకూ, మేకకూ గొర్రెకూ మధ్య తేడా చెప్పడం నిపుణులకే కష్టం, అక్కడ పంతం పట్టవద్దు.

గుర్రం పై దంతం నలుచదరంగా, ఎత్తుగా ఉండి, ఎనామిల్ గీత మడతలు మడతలుగా తిరుగుతుంది. పంది దంతం మీద గుండ్రటి బుడిపెలు ఉంటాయి. ఏనుగు నమిలే దంతం పలకలను నిలబెట్టి పేర్చినట్టు ఉంటుంది, ఒక్క పలక దొరికినా దాన్ని పోల్చుకోవచ్చు. నర్మదా లోయ ఒండ్రులో నీటి ఏనుగు (హిప్పోపొటమస్) శిలాజాలు కూడా దొరికాయి, దాని దంతం అరిగినప్పుడు మూడు రేకుల ఆకులాంటి గుర్తు పడుతుంది. ఇలాంటిది మీకు కనిపిస్తే అక్కడితో ఆగి నిపుణులను పిలవండి.

దంతం లేకపోతే కాలి ఎముకలు. గిట్ట పైన ఉండే పొడవాటి ఎముక ఆవు జాతిలో రెండు కలిసి ఒకటైనది, ముందువైపు నిలువు గాడి, కింది కొసన రెండు కప్పీలు ఉంటాయి. గుర్రంలో ఒకటే ఎముక, ఒకటే కప్పీ. మడమ దగ్గరి చిన్న ఎముక ఆవు, మేక, పంది, జింకల్లో పైనా కిందా కప్పీలతో ఉంటుంది, గుర్రంలో పై కొసకే ఉంటుంది. పక్కటెముకలు, వెన్నుపూసల ముక్కలతో జాతి తేల్చాలని గంటలు గడపకండి.

మీ చీటీలో "గేదె" అని రాసే ముందు "గేదె పరిమాణంలోని, నెమరువేసే జంతువు" అని రాయగలరేమో ఆలోచించండి. ఎముక చూపినంత మేరకే పేరు పెట్టాలి. ఆ పేరు ఎందుకు పెట్టారో ఒక వాక్యంలో రాయండి, ఆ వాక్యం రాయలేకపోతే పేరు కొట్టేయండి.

9. గట్టులోనే ఉన్న ఎముక

ఇది అరుదు, కానీ మీకు జరగవచ్చు. ఎముకను కదపకుండా ఫొటోలు, కొలతలు తీసుకుని, పైన నూలు గుడ్డ కప్పి, అదే పొర నుంచి రాలిన మట్టిని దాని మీద మెత్తగా అద్దండి. గుర్తుగా ఎరుపు రిబ్బను, జెండా పెట్టకండి, మీకన్నా ముందు పిల్లలు అక్కడికి చేరతారు. అదే రోజు ఫొటోలు, లోతు, అక్షాంశ రేఖాంశాలతో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికి గాని, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు గాని రాయండి. "వేల ఏళ్ల నాటిది" అని మీరు తీర్పు చెప్పకండి, చూసినది మాత్రమే చెప్పండి. వచ్చేది వానాకాలమైతే ఆ సంగతి లేఖ మొదటి వాక్యంలోనే రాయండి, ఎందుకంటే ఆ గట్టు వచ్చే వరద దాకానే అక్కడ ఉంటుంది.